ఇద్దరు పసిపిల్లలు, ఒకరికి డౌన్ సిండ్రోమ్: రోజు ఎలా గడవాలి?

మీరు రాసిన దాన్ని ఇతరులకూ అర్థమయ్యేలా క్లుప్తంగా మళ్లీ చెబుతాను. మీ పాపకు నాలుగున్నరేళ్లు, బాబుకు 22 నెలలు. బాబుకు డౌన్ సిండ్రోమ్ ఉంది, అంటే పుట్టుకతోనే శరీర కణాల్లో ఒక క్రోమోజోమ్ అదనంగా ఉంది. అయిదో నెలలో గుండెకు శస్త్రచికిత్స జరిగి బాగా కోలుకున్నాడు. పట్టుకుని నిలబడుతున్నాడు గాని నడవడం లేదు, మాటలు రాలేదు. ముగ్గురు థెరపిస్టులు ఇంట్లో చేయాల్సిన పనులను మూడు కాగితాల నిండా రాసిచ్చారు. అవన్నీ చేస్తే రోజు చాలడం లేదు, చేయకపోతే మీకు రాత్రి నిద్ర పట్టడం లేదు. ఈలోగా పాప మళ్లీ సీసాతో పాలు అడుగుతోంది, ఎత్తుకుని తిప్పమంటోంది. పోయిన వారం "నాకు కూడా డౌన్ సిండ్రోమ్ కావాలి" అంది. మీవారేమో "వాడే ఎదుగుతాడు, ఇవన్నీ ఆపేద్దాం" అంటున్నారు. ఏది మానవచ్చు, ఏది మానకూడదు అన్నది మీ ప్రశ్న.

నేను చిన్నపిల్లల ఫిజియోథెరపిస్టును. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల ఇళ్లకు వెళ్లి, ఆ ఇంటి మంచాలు, కుర్చీలు, మెట్లనే సాధనాలుగా వాడి పనిచేయడం నా వృత్తి. ఏళ్ల తరబడి చూసినదాన్ని బట్టి సూటిగా చెబుతున్నాను: ఆ మూడు కాగితాల్లో విడిగా కూర్చోబెట్టి చేయించాల్సిన వాటిని చాలావరకు పక్కన పెట్టండి. వాటి వెనకున్న ఉద్దేశాలను మాత్రం తీసుకుని, ఇంట్లో ఎలాగూ జరిగే స్నానంలో, బట్టలు తొడగడంలో, భోజనంలో, ఆటలో కలిపేయండి. బాబు నష్టపోడు. పాపకు అమ్మ తిరిగి దొరుకుతుంది.

ముందు మీ భయం గురించి. మొదటి మూడేళ్లలో పట్టుకున్నదే దక్కుతుందని, ఒక గంట వదిలితే అది తిరిగి రాదని మీరు నమ్ముతున్నట్టు మీ మాటల్లో తెలుస్తోంది. తొలి ఏళ్లు ముఖ్యమైనవే. కానీ ఆ తర్వాత తలుపు మూసుకుపోతుందన్నది నిజం కాదు. ఈ పిల్లలు బడి వయసులోనూ, కౌమారంలోనూ, పెద్దయ్యాక కూడా కొత్తవి నేర్చుకుంటూనే ఉంటారు. అమెరికాలో 1983లో డౌన్ సిండ్రోమ్ ఉన్నవారి సగటు ఆయుర్దాయం 25 ఏళ్లు, ఇప్పుడది సుమారు 60. గుండె శస్త్రచికిత్సలు అందుబాటులోకి రావడం అందుకు పెద్ద కారణం. మీ బాబుకు నేర్చుకోవడానికి ఒక జీవితకాలం ఉంది. కాబట్టి ఈ ఇల్లు ఇదే పద్ధతిలో పదేళ్లు నడవగలదా అని ఆలోచించి ఏర్పాట్లు చేసుకోండి. నడవలేదంటే ఆ పద్ధతి ఎంత మంచిదైనా మీకు పనికిరాదు.

అలాగని ఏమీ చేయకుండా వదిలేయడమూ సరికాదు. ఎంత చేస్తే చాలు అన్న దానికి ఒక మంచి ఆధారం ఉంది. అమెరికాలో డౌన్ సిండ్రోమ్ ఉన్న పసిపిల్లలపై చేసిన ఒక అధ్యయనం 2001లో వెలువడింది. అందులో కొందరు తల్లిదండ్రులు ఇంట్లోనే పిల్లలను ఒక చిన్న ట్రెడ్‌మిల్ మీద పట్టుకుని అడుగులు వేయించారు. రోజుకు 8 నిమిషాలు, వారానికి 5 రోజులు. మామూలు ఫిజియోథెరపీ మాత్రమే పొందిన పిల్లలకన్నా వీరు సుమారు 3 నెలలు ముందు సొంతంగా నడిచారు. మీరు ట్రెడ్‌మిల్ కొనాలని ఈ మాట చెప్పడం లేదు. ఆ 8 నిమిషాలను గమనించండి. కొద్దిసేపైనా క్రమం తప్పకుండా, తల్లిదండ్రుల చేతుల మీదుగా, ఇంట్లో జరిగిన పని ఫలితం ఇచ్చింది.

నడక గురించే మీరు ఎక్కువ బెంగపడుతున్నారు కాబట్టి అక్కడ కాస్త ఆగుదాం. ఈ పిల్లలు సగటున రెండేళ్లు దాటాక నడుస్తారు. కొందరు ఏడాదిన్నరకే నడిస్తే కొందరికి నాలుగేళ్లు పడుతుంది. మీవాడు ఆలస్యంగా లేడు. వాడి కండరాల బిగువు తక్కువ, కీళ్లను పట్టి ఉంచే స్నాయువులు సాగుడుగా ఉంటాయి. అందుకని శరీరం అడ్డదారులు వెతుక్కుంటుంది: కాళ్లు బాగా వెడల్పుగా చాపి నిలబడటం, మోకాళ్లను వెనక్కి బిగించి లాక్ చేయడం, పాదాలను బయటికి తిప్పి లోపలి అంచు మీద బరువు వేయడం. నా దృష్టిలో ఫిజియోథెరపీ అసలు పని ఈ అడ్డదారులు అలవాటు కాకుండా చూడటమే. రెండు నెలలు ముందు నడిచాడా, వెనక నడిచాడా అన్నది పెద్దయ్యాక ఎవరికీ గుర్తుండదు. నిలబడే తీరు మాత్రం నడుముకూ మోకాళ్లకూ జీవితాంతం గుర్తుంటుంది.

ఇందుకోసం మీకు కావాల్సింది ఒక చిన్న పీట. వాడు కూర్చుంటే పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి, మోకాళ్లు లంబకోణంలో వంగాలి, అంత ఎత్తు చాలు. ఇక బట్టలు తొడిగే ప్రతిసారీ ఆ పీట మీదే. లాగు కాళ్లలోకి ఎక్కించేటప్పుడు కూర్చుంటాడు, పైకి లాగేటప్పుడు నిలబడతాడు, చొక్కాకు మళ్లీ కూర్చుంటాడు. రోజుకు ఎన్నిసార్లు బట్టలు మారుస్తారో ఆలోచించండి. అన్నిసార్లూ కూర్చుని లేవడమనే వ్యాయామం జరిగిపోయినట్టే. వాడి తొడలు మరీ ఎడంగా పోతుంటే మీ చేతులతో రెండు వైపులా దగ్గరికి చేర్చి పట్టుకోండి. చంకనెత్తుకునేటప్పుడు కూడా కాళ్లు మీ నడుముకు చెరోవైపు పోకుండా, తొడలు రెండూ కలిసి ఉండేలా ఎత్తుకోవడం మంచిది.

ఆట వస్తువులను నేల మీద పరవకుండా సోఫా మీద, వాడు నిలబడితే ఛాతీ ఎత్తులో ఉండేలా పెట్టండి. కొన్నాళ్లకు సగం ఈ కుర్చీ మీద, సగం పక్క కుర్చీ మీద పెట్టి మధ్య దూరాన్ని కొద్దికొద్దిగా పెంచండి. ఒక గట్టి పెట్టెలో పుస్తకాలు నింపి ఇస్తే దాన్ని తోసుకుంటూ తిరుగుతాడు. బరువు వల్ల పెట్టె జారిపోదు, నడుముకూ పని దొరుకుతుంది. చక్రాల వాకర్‌లో మాత్రం కూర్చోబెట్టకండి. అది నడక నేర్పదు, కాలివేళ్ల మీద తోసుకోవడం నేర్పుతుంది. పడిపోయే ప్రమాదాల వల్ల కెనడా 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది. నిలబడినప్పుడు పాదాలు లోపలికి వాలిపోతుంటే బూట్లలో పెట్టే ఆధారాల గురించి మీ ఫిజియోథెరపిస్టును అడగండి.

భోజనం దగ్గర కూడా పాదాలకు ఆధారం ఉండాలి. కాళ్లు గాలిలో వేలాడుతుంటే వాడి శక్తంతా పడిపోకుండా కూర్చోవడానికే ఖర్చవుతుంది, నమలడానికి మిగలదు. పాదాల కింద ఒక అట్టపెట్టె పెట్టినా చాలు. నాలుక బయటికి వస్తోందని రాశారు. సాధారణంగా ఈ పిల్లల్లో నాలుక పెద్దదై కాదు, నోటిలోపలి చోటు చిన్నది కావడం, నాలుక కండరాల బిగువు తక్కువ కావడం వల్ల అలా వస్తుంది. చెంచాను నాలుక మీద సమంగా ఆనించి, పై పెదవి తనంతట తాను కిందికి వచ్చి పదార్థాన్ని అందుకునే దాకా ఆగండి. త్వరగా అయిపోవాలని చెంచాను పై చిగురుకు గీసి తీస్తే ఆ పెదవికి పనే ఉండదు. నమలాల్సిన మెత్తని ముక్కను నోటి మధ్యలో కాకుండా దవడ పక్కన పెట్టండి. సీసా నుంచి చిన్న గ్లాసుకు, స్ట్రాకు మార్చడం ఇప్పుడే మొదలుపెట్టండి. తాగేటప్పుడు తరచూ దగ్గినా, గొంతు గరగరలాడినా, ఊపిరితిత్తుల్లో మళ్లీ మళ్లీ నెమ్ము చేరినా మాత్రం ఇంటి చిట్కాలతో ఆగవద్దు. మింగే తీరును నిపుణులతో పరీక్ష చేయించాలి.

బట్టల విషయంలో మరో మాట. ఏ పనినైనా చివరి మెట్టు నుంచి నేర్పండి. మేజోడును మడమ దాటించి మీరే తొడిగి, చివర పైకి లాగే కాస్త పని వాడికి వదిలేయండి. అది వచ్చాక మడమ దగ్గర నుంచి, ఆ తర్వాత కాలివేళ్ల దగ్గర నుంచి. ఇలా చేస్తే ప్రతిసారీ పని వాడి చేతుల్లోనే పూర్తవుతుంది. తప్పులు చేసి దిద్దుకుంటూ నేర్చుకోవడం కన్నా మొదటి నుంచీ సరిగ్గా చేస్తూ నేర్చుకోవడం ఈ పిల్లలకు బాగా నప్పుతుంది. పొద్దున్న తొందరలో ఇది కుదరదు, రాత్రి బట్టలు మార్చేటప్పుడు చేయండి. ఏదో ఒక పూట జరిగితే చాలు.

ఇక మాటలు. చాలామంది తల్లిదండ్రులు చివరికి వాయిదా వేసేదీ, నేను ముందుకు తెమ్మనేదీ ఒకటుంది: వినికిడి పరీక్ష. ఈ పిల్లల చెవి రంధ్రాలు సన్నగా ఉంటాయి, చెవి లోపల నీరు చేరడం చాలా మామూలు. పుట్టినప్పుడు చేసిన పరీక్షలో అంతా బాగుందన్నంత మాత్రాన ఇప్పుడూ బాగుందని అనుకోకూడదు. రెండు చెవులూ విడివిడిగా సరిగా వింటున్నాయని తేలేదాకా ప్రతి 6 నెలలకోసారి పరీక్ష చేయించాలి. చెవిలో నీరున్న పిల్లవాడికి మాట మసకగా వినిపిస్తుంది. వాడితో ఎన్ని వ్యాయామాలు చేయించినా పదాల చివరి శబ్దాలు వాడికి అందవు.

వినికిడి బాగుంటే ఇది గుర్తుంచుకోండి: వాడు పలకగలిగిన దానికన్నా చాలా ఎక్కువ అర్థం చేసుకుంటున్నాడు. విన్నదాన్ని కాసేపు మనసులో నిలుపుకోవడం ఈ పిల్లలకు కష్టం. చూసినది బాగా నిలుస్తుంది. అందుకే మాటతో పాటు చేతి సైగ చూపండి. ఇంకా కావాలి, అయిపోయింది, నీళ్లు, రా, ఎత్తుకో, ఈ అయిదింటితో మొదలుపెట్టండి. సైగలు నేర్పితే మాటలు రావన్న భయం అక్కర్లేదు. మాట వచ్చే కొద్దీ సైగ తనంతట తానే జారిపోతుంది. అడిగింది దొరకక గోలచేసే పిల్లవాడు సైగ చేసి అడిగి తీసుకోగలిగిన రోజున ఇంట్లో అందరి రోజూ మారిపోతుంది.

ఒక మాట అన్నాక ఆగండి. మనసులో 10 దాకా లెక్కపెట్టండి. విన్నదాన్ని లోపల సర్దుకుని జవాబు తయారుచేసుకోవడానికి వాడికి ఆ సమయం కావాలి. అంతలోనే మనం రెండోసారి అడిగితే వాడు మళ్లీ మొదటికి వెళ్తాడు. స్నానాల దగ్గర ఇది బాగా కుదురుతుంది. "చెయ్యి ఏది?" అని అడిగి ఆగితే, నీళ్లలో నుంచి చెయ్యి నెమ్మదిగా పైకి వస్తుంది. ఇంట్లో రెండు భాషలు మాట్లాడుతుంటే ఒకటి మానేయమని ఎవరైనా అంటే వినకండి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలు రెండు భాషల్లో పెరిగినా నష్టం లేదని పరిశోధనలు చూపాయి. మీ మనసు ఏ భాషలో తేలికగా పలుకుతుందో ఆ భాషలోనే మాట్లాడండి.

ఇంటివాళ్ల ఫొటోలతో ఒక చిన్న పుస్తకం చేయండి. పేజీకి ఒక ముఖం, కింద పెద్ద అక్షరాలతో పేరు. ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్‌లో స్యూ బక్లీ 1980 నుంచి చేసిన పరిశోధనలు, ఈ పిల్లల్లో చాలామంది చిన్నప్పుడే పదాలను చూసి గుర్తుపట్టగలరని, ఆ చదువు మాటకు సాయపడుతుందని చూపాయి. కాబట్టి అక్షరాలు ఇప్పుడెందుకు అనుకోవద్దు. ఈ పుస్తకం రాత్రి పడుకునే ముందు ఇద్దరు పిల్లలకూ కలిపి చదివితే చాలు.

పాప సంగతి. మీ ప్రశ్నలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచింపజేసింది ఆమె అన్న మాటే. దాన్ని అసూయ అనుకుని మందలించకండి. ఆ వయసు పిల్ల ఇంటిని గమనించి చేరుకున్న నిర్ధారణ అది: ఈ ఇంట్లో ఆ పేరున్న వాళ్ల ముందు అమ్మ నేల మీద కూర్చుంటుంది, నవ్వుతుంది, ఒక చిన్న పని చేస్తే చప్పట్లు కొడుతుంది. ఆమె కోరుతున్నది ఆ చప్పట్లను. సీసా అడిగితే విసుక్కోకుండా ఒకటి రెండుసార్లు ఇచ్చి, ఒళ్లో కూర్చోబెట్టుకుని, "నువ్వు పాపాయిగా ఉన్నప్పుడు ఇలాగే తాగేదానివి" అని ఆమె కథ చెప్పండి. చాలామంది పిల్లలు ఆ కథతోనే తృప్తిపడి సీసాను వదిలేస్తారు.

ప్రతిరోజూ కొంత సమయం పూర్తిగా ఆమెది కావాలి. పావుగంట అయినా సరే, ఏం ఆడాలో ఆమే చెప్పాలి, ఫోను పక్కన ఉండకూడదు, తమ్ముడు ఆ గదిలో ఉండకూడదు. దానికి ఆమెతోనే ఒక పేరు పెట్టించండి. బాబు ఏడ్చినా ఆ పావుగంట ఆగకూడదు, ఇంకొకరు చూసుకోవాలి. మూడు కాగితాల్లో నుంచి నేను తీసేయమన్న సమయంలో మొదటి వాటా ఇదే.

ఆమెకు విషయం చెప్పండి. ఆ పేరు ఇప్పటికే తెలుసు గాని అర్థం తెలియదు. "తమ్ముడి శరీరం లోపల చాలా చిన్నది ఒకటి అందరికన్నా అదనంగా ఉంది. వాడు కడుపులో ఉన్నప్పుడే అలా తయారయ్యాడు. అందుకే నడవడం, మాట్లాడటం నేర్చుకోవడానికి ఎక్కువ రోజులు పడుతుంది. నేర్చుకుంటాడు. ఇది జలుబులా అంటుకోదు. ఎవరూ ఏమీ చేయడం వల్ల రాలేదు." ఆఖరి రెండు వాక్యాలను తప్పకుండా చెప్పాలి. తాను కోపంలో ఏదో అనుకోవడం వల్లే తమ్ముడు అలా పుట్టాడని, లేదా తనకూ అది వస్తుందని లోలోపల నమ్మే పిల్లలు ఉంటారు. వాళ్లు పైకి అడగరు. ఒక్కసారి చెబితే సరిపోదు, ఆర్నెల్లకో ఏడాదికో ఆమె కొత్త ప్రశ్నతో వస్తుంది, అప్పుడు మళ్లీ చెప్పాలి.

ఆమెను చిన్న థెరపిస్టును చేయకండి. "తమ్ముడికి నేర్పించు, నువ్వు పెద్దదానివి" అన్న మాట ఎంత ప్రేమగా అన్నా ఆమె భుజాల మీద బరువే. తమ్ముడితో ఆడమనండి, అంతే. అక్క బంతి దొర్లిస్తే తమ్ముడు తిరిగి దొర్లించడంలో వంతు కోసం ఆగడం ఉంది, చూపు నిలపడం ఉంది, అనుకరణ ఉంది, మేం గంటసేపు చేయించాలనుకునేవన్నీ ఉన్నాయి. ఆమె బొమ్మలను వాడు లాక్కుంటే "పోనీలే, వాడికి తెలియదు" అనవద్దు. వాడికి అందని ఎత్తులో ఆమెకో అర ఇవ్వండి. లాక్కున్నది వాడిచేతనే తిరిగి ఇప్పించండి. "వాడంటే నాకిష్టం లేదు" అని ఆమె అన్న రోజున కంగారుపడకండి. "వాడు నీ బొమ్మ పాడుచేశాడు, కోపం వచ్చింది కదా" అనండి. తోబుట్టువుల మీద అందరు పిల్లలకూ ఉండే కోపం ఆమెకూ ఉండనివ్వాలి.

ఇది రేపు ఏమవుతుందో అని దిగులుపడుతుంటే ఒక్క మాట. అమెరికాలో డౌన్ సిండ్రోమ్ ఉన్నవారి అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను, 9 ఏళ్లు దాటిన 822 మందిని అడిగి 2011లో ఒక సర్వే ప్రచురించారు. 96 శాతానికి పైగా తమ తోబుట్టువంటే ప్రేమ అన్నారు. వాళ్లను మార్చుకోవాలని ఉందన్నవారు 5 శాతం కన్నా తక్కువ. మీ పాప చిన్నప్పటి కోపం ఆ ప్రేమకు అడ్డు రాదు.

పిల్లలిద్దరికీ ఒకే నియమం ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. బాబు వస్తువులు విసిరేస్తున్నాడని రాశారు. విసిరితే అందరూ కేకలు వేస్తారు, పరుగెత్తుతారు. వాడికి అది గొప్ప ఆట. కేక వేయకుండా, ముఖంలో భావం లేకుండా, వాడి చెయ్యి పట్టుకుని ఆ వస్తువును ఒక డబ్బాలో వేయించండి. అప్పుడు చప్పట్లు కొట్టండి. కష్టమైన పని రాగానే నవ్వి, చేతులూపి, ముద్దుపెట్టి తప్పించుకోవడం కూడా ఈ పిల్లల్లో తరచూ కనిపించేదే. వాడి ముద్దు తీసుకోండి, నవ్వండి, తర్వాత మిగిలిన చిన్న ముక్క పని చేయించి వదలండి. పని మరీ పెద్దదైతే వాడిది మొండితనం అనుకోకుండా పనిని ముక్కలు చేయండి. నడక వచ్చాక తలుపు తీసి ఉంటే చెప్పకుండా వెళ్లిపోయే పిల్లలు ఎక్కువ కాబట్టి, ఇప్పుడే తలుపులకు వాడికి అందని ఎత్తులో గడియలు పెట్టించండి.

మీవారు చెప్పేదాంట్లో సగం నిజం ఉంది, ఇల్లు ఆస్పత్రిలా మారకూడదన్న సగం. మిగతా సగం ఆయనకు తెలియకపోవడానికి కారణం, ఈ పనులన్నీ మీ చేతుల్లోనే ఉండటం కావచ్చు. థెరపిస్టు దగ్గరికి మీరే వెళ్తారు, మీరే వింటారు, ఇంటికొచ్చి మీరే ఆయనకు చెబుతారు. అలా చెప్పినప్పుడు ఆయనకు అది ఆజ్ఞలా వినిపిస్తుంది. రోజులో ఒక భాగాన్ని పూర్తిగా ఆయనకు అప్పగించండి. సాయంత్రం స్నానాలు ఇద్దరు పిల్లలకూ ఆయనే చేయించాలి అనుకోండి, ఆ సమయంలో మీరు తలుపు దగ్గర నిలబడి సలహా చెప్పకూడదు. నెలకు ఒకసారైనా బాబును థెరపీకి ఆయన ఒక్కరే తీసుకెళ్లాలి. వేరే పద్ధతిలో చేస్తారు, నెమ్మదిగా చేస్తారు, అయినా బాబుకు ఇంకో మనిషి తీరు అలవాటవుతుంది, ఆ పూట మీరు పాపతో ఉంటారు.

మానకూడనివి కొన్నే. వినికిడి గురించి చెప్పాను. థైరాయిడ్ పరీక్ష ఏడాదికోసారి తప్పదు. అది తగ్గితే పిల్లవాడు మందకొడిగా మారతాడు, మలబద్ధకం వస్తుంది, ఎదుగుదల ఆగుతుంది, మనం అదంతా డౌన్ సిండ్రోమ్ వల్లే అనుకుని ఊరుకుంటాం. ఏడాదికోసారి ఇనుము నిల్వలు, కంటి పరీక్ష కూడా చూడాలి. గుండె వైద్యులు చెప్పిన తేదీలను దాటనివ్వవద్దు. నిద్రను మీరే గమనించగలరు: గురక, మధ్యలో ఊపిరి ఆగినట్టు అనిపించడం, కూర్చుని ముందుకు వంగి నిద్రపోవడం, తలను బాగా వెనక్కి వాల్చడం, విపరీతంగా చెమట. ఇవేవీ లేకపోయినా 3 నుంచి 4 ఏళ్ల మధ్య నిద్ర పరీక్ష చేయించమని అమెరికా పిల్లల వైద్యుల సంఘం సూచిస్తోంది. ఎందుకంటే ఈ పిల్లల్లో నిద్రలో శ్వాస అడ్డుపడటం చాలా ఎక్కువ, తల్లిదండ్రులకు అది తరచూ తెలియదు. పగలు చిరాకు, శ్రద్ధ లేకపోవడం అని మనం అనుకునేది చాలాసార్లు చెడిన నిద్రే.

మెడ గురించి కూడా తెలుసుకోండి. మెడ పైభాగంలోని రెండు ఎముకల మధ్య కొందరు పిల్లల్లో పట్టు తక్కువగా ఉంటుంది. ఏ లక్షణమూ లేకుండా ఎక్స్‌రే తీయించాల్సిన పని లేదు. మెడ నొప్పి, తల ఒకవైపు వంచి ఉంచడం, వచ్చిన నడకో నిలబడటమో వెనక్కి పోవడం, చేతుల్లో కాళ్లలో బలం తగ్గడం, అదుపులోకి వచ్చిన మలమూత్రాలు అదుపు తప్పడం కనిపిస్తే ఆ రోజే వైద్యులకు చూపాలి. 6 ఏళ్లు నిండేదాకా ట్రాంపొలిన్ వద్దు.

ఇక ఆ మూడు కాగితాలు. వచ్చేసారి వెళ్లినప్పుడు ముగ్గురినీ ఒకటే అడగండి: "రాబోయే రెండు నెలలకు మీ వైపు నుంచి ఒక్క లక్ష్యం చెప్పండి. దాన్ని మా స్నానంలోనో, భోజనంలోనో, ఆటలోనో ఎక్కడ కలపాలో చూపించండి." మంచి థెరపిస్టులు ఈ ప్రశ్నకు సంతోషిస్తారు. ఎవరైనా కుదరదంటే, మీ ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారని, ఉన్న గంటలు ఇవేనని స్పష్టంగా చెప్పండి, అందులో దేనికి మొదటి స్థానమో వారినే ఎంచుకోమనండి. వాళ్లు చెప్పిన మూడు లక్ష్యాలను ఒకే కాగితం మీద రాసి, మీవారికీ కనిపించేలా పీట దగ్గర గోడకు అంటించండి. పాత కాగితాలను ఒక ఫైల్లో పెట్టేయండి, రెండు నెలల తర్వాత అవసరమైతే తీయవచ్చు. పాప పావుగంట మాత్రం వాళ్ల జవాబు కోసం ఆగక్కర్లేదు, ఈరోజే మొదలుపెట్టండి.